పురావస్తు శాఖకు సోర్ అటిలియో ఉత్తరాలు

భూమిలోంచి ఏది పైకి వచ్చినా అది రోమన్ చక్రవర్తిదేనని తేల్చేయడం సోర్ అటిలియోకి ఉన్న ఒకే ఒక్క జబ్బు. తేల్చి ఊరుకునేవాడా? సాయంత్రానికల్లా పురావస్తు శాఖకు ఉత్తరం పడేసేవాడు.

మా మోంతి పేటలో మగవాళ్లని సోర్, ఆడవాళ్లని సోరా, చదువుకున్న అధికారులని దొత్తోర్ అంటాం. పేటలో గడ్డపార దిగిన ప్రతిచోటా ఆయన మెడ చాచి నిలబడేవాడు. ఒంటికి వెళ్లే పాతకుండ ముక్క దొరికితే నీరో తాగిన గిన్నె అన్నాడు. మేక దవడ దొరికితే మహారాణి దువ్వెన అన్నాడు. మొదట్లో దొత్తోర్ మంచీని అనే శాఖ అధికారి కొలతల టేపుతో సైకిలెక్కి పరుగున వచ్చేవాడు. దువ్వెన తర్వాత టేపు తేవడం మానేశాడు. నీళ్ల గొట్టాన్ని సీజర్ చేతికర్ర అన్నాక రావడమే మానేశాడు.

తాతముత్తాతల కాలంలో ఆ రాళ్ల మీద ఎవరికీ ఇంత పట్టింపు లేదు. పాలరాతి బొమ్మ దొరికితే బట్టీలో కాల్చి సున్నం చేసుకునేవారు. స్తంభాలకు ఆవుల్ని కట్టేసేవారు. దూరదేశపు చిత్రకారులు ఆ శిథిలాల ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటూ బొమ్మలు గీసేవారు, ఆవులు నెమరు వేసేవి. ఆ తర్వాత ఒక ప్రభుత్వం వచ్చి, శిథిలాలకు అడ్డమని ఇళ్లే పడగొట్టింది. అప్పటినుంచి నేలమాళిగలో పాతరాయి కనబడితే తలుపేసుకుని సిమెంటు కలపడం మా పేట ఆచారం.

ఒక వసంతంలో సోరా ఎర్సిలియా భోజనశాల కింద మాళిగలో, ద్రాక్షసారా పీపా బరువుకి నేల కుంగింది. కింద నలుపు తెలుపు రాతిముక్కలతో పేర్చిన చేపలు. శాఖవాళ్లకు తెలిస్తే ఏళ్లతరబడి తలుపుకి సీలు వేస్తారు. మొగుడు పోయిన మనిషికి ఆ పొయ్యి ఒక్కటే ఆధారం. ఆమె మేస్త్రీకి కబురు పెట్టేలోపే సోర్ అటిలియో కిందికి దిగి, చూసి వెళ్లిపోయాడు. రాయొద్దని వెంటపడి బతిమాలింది. మర్నాటికి ఉత్తరం వెళ్లిపోయింది. ఆమె ఆయనతో మాట మానేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మంచీని వచ్చి కూర్చుని శనగలూ ఉప్పుచేపా అడిగాడు. జేబులో ఆ ఉత్తరం కనబడుతోంది. పక్క బల్ల దగ్గర సోర్ అటిలియో లేచాడు.

"దొత్తోర్, కింద నీరో ఈతకొలను ఉంది. ఆయన చెప్పులు కూడా దొరికాయి. దిగి చూద్దాం పదండి."

"ఏ కాలివి?"

"రెండూ ఎడమకాలివే. చక్రవర్తి కదా."

మంచీని బతిమాలుతున్నట్టు అయిదువేళ్లూ దగ్గరికి ముడిచి ఊపాడు. "మీకు పుణ్యముంటుంది సోర్ అటిలియో, నన్ను ఈ నాలుగు శనగలూ తిననివ్వండి."

తిన్నాడు. రొట్టెముక్కతో పళ్లెం తుడుచుకున్నాడు. మాళిగ మెట్ల వైపైనా చూడకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఎర్సిలియా సోర్ అటిలియో ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "కావాలనే చేశారా?"

"మేస్త్రీ తాగి ఎక్కడో వాగుతాడు సోరా. అది వాళ్లు నమ్ముతారు. అదే మాట ముందు నేను చెప్పాననుకో, ఇంకెవడు చెప్పినా నమ్మరు."

"మరి ఇన్నేళ్లూ ఆ గిన్నెలూ, దువ్వెనలూ?"

"వాళ్లకి అలవాటు చెయ్యొద్దూ?"

అప్పట్లో పడగొట్టిన ఇళ్లలో ఆయనదీ ఒకటట. వాళ్లమ్మ పొయ్యి ఉన్నచోట మూడు స్తంభాలు బయటపడ్డాయట. స్తంభాలు అందంగానే ఉంటాయని ఒప్పుకున్నాడు. ఫొటోలు తీసుకునే విదేశీయులకు అది వంటిల్లని చెబుతుంటే, ఎవరూ నమ్మరట.

సిమెంటు వద్దు, ఇసుక పోసి పలకలు పరుద్దామన్నాడు. ఆ రాత్రే, పరిచే ముందు ఇద్దరూ దీపం పట్టుకుని దిగారు. ఆయన టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు.

"ఏ చక్రవర్తిదంటారు?" అని ఎర్సిలియా అడిగింది.

"నాకేం తెలుసు సోరా. రాళ్ల సంగతి నాకు ఒక్క ముక్క తెలియదు." మోకాళ్ల మీద కూర్చుని, చేతిరుమాలుతో ఒక చేప కంటిమీద దుమ్ము తుడిచాడు. "చేప మాత్రం, మధ్యాహ్నం నువ్వు పెట్టినదానికంటే తాజాగా ఉంది."