ఫ్యాను ఆపి పాడిన పాటలు

మా ముందుగదిలో ఫ్యానుకి కిర్రుమనే జబ్బు ఉంది. ఎన్నిసార్లు నూనె వేయించినా వారం తిరక్కుండా మళ్ళీ మొదలెడుతుంది. మా ఆయన ఫోనులో పాట రికార్డు చేసుకునేటప్పుడు ముందు మీట నొక్కేసి, గొంతు సవరించుకుని, అప్పుడు వంటింటి వైపు తిరిగి "ఏమే, ఆ ఫ్యాను ఆపు" అనేవారు. అందుకని ఆయన పాటలన్నీ ఆ మాటతోనే మొదలవుతాయి. "నొక్కకముందే చెప్పొచ్చుగా, దేవుడి పాటకి నేనెందుకు ముందుమాట?" అని నేను విసుక్కునేదాన్ని. "నొక్కాకే గదే చప్పుడు వినపడేది" అనేవారు. ఫ్యాను మాత్రం ఆయన లేచి ఆపిన పాపాన పోలేదు.

మేముండేది ఇబ్రహీంపట్నంలో. ఆయన థర్మల్ స్టేషన్‌లో బొగ్గు దించే చోట కాంట్రాక్టు పనికి వెళ్ళేవారు. ఊరు చల్లపల్లి దగ్గర, కూలి చేసుకునే కుటుంబం. చదువు అంతంతమాత్రమే. కానీ మా చర్చిలో పాట ఎత్తుకోవాలంటే ఆయనే ఎత్తుకోవాలి. పాస్టరుగారు కూడా ప్రసంగం ముగించి ఆయన వైపే చూసేవారు. వేరేవాళ్ళ పాటలే కాదు, సొంతంగా కట్టేవారు కూడా. షిఫ్టు దిగి సైకిల్ మీద వస్తూ కూనిరాగం తీసుకుంటూ వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే కూర్చుని పాడేవారు. రాగం కాగితం మీద పెట్టడం ఆయనకి తెలియదు. చర్చిలో ఆయన ఒక చరణం పాడితే అందరూ తిరిగి పాడి నేర్చుకునేవాళ్ళు. నేర్పనివి ఇంకా చాలా ఉండేవి. అవన్నీ ఫోనులోనే ఉండేవి.

ఆ ఫోను కొన్నది బస్టాండు దగ్గర సెల్ షాపులో. మా వైపు ఎవరు ఫోను కొన్నా ఐడీ అనేది షాపువాడే పెట్టిస్తాడు. మనం పేరు చెబుతాం, మిగతాది వాడు టకటకా నొక్కేస్తాడు. పుట్టినతేదీ అడిగితే మాలో సగం మందికి తెలియదు కాబట్టి వాడికి తోచింది వేస్తాడు. కోడ్ రావడానికి నంబరు అడిగితే, కొత్త సిమ్ ఇంకా పనిచెయ్యదు కాబట్టి వాడి నంబరే ఇస్తాడు. "ఫోను పోయినా పాటలు పోవండీ, పైన కంపెనీవాళ్ళ దగ్గర భద్రంగా ఉంటాయి" అన్నాడు ఆ షాపతను. ఎంత మంచివాడో అనుకుని నేను దణ్ణం కూడా పెట్టాను.

తర్వాత ఆయన గొంతు బొంగురుపోయింది. బొగ్గు దుమ్ము అనుకున్నాం, మిరియాల కషాయం అన్నాం, చలికాలం అన్నాం. చివరికి విజయవాడలో డాక్టరు చూసి, గొంతు ఉంచితే మనిషి ఉండడు అన్నాడు. స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి అక్కణ్ణుంచే. మెడకి ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి తెచ్చి చూపించారు. ఆయన ఒక్కసారి ఆనించుకుని, అందులోంచి వచ్చిన గీ అనే శబ్దం విని, మారు చూడకుండా డబ్బాలో పెట్టి తిరిగిచ్చేశారు. అప్పట్నుంచి మాకు పలకే దిక్కు. ఆయన రాస్తారు, నేను అరుస్తాను. నా నోటి సంగతి మా వీధంతా ఎరుగుదురు, ఇద్దరి వాటా నేనే మాట్లాడుతున్నానని నవ్వేవాళ్ళు.

ఆయన్ని నిలబెట్టింది ఆ పాటలే. సాయంత్రం కాగానే మంచం మీద కూర్చుని ఫోను పక్కన పెట్టుకుని తన పాటలు తనే వినేవారు. మంచంకోడు మీద వేళ్ళతో తాళం. ఒక పాట వింటే నాలుగు ముద్దలు తినేవారు. ఒకరోజు నేను చారు పోపు పెడుతుంటే "ఏమే, ఆ ఫ్యాను ఆపు" అని వినపడింది. గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చి ఫ్యాను ఆపేశాను. ఆయన నా వంక చూసి భుజాలు అదిరేలా నవ్వారు, శబ్దం లేకుండా. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆ పిలుపు ఇంకా ఇంట్లో ఉందన్న ధైర్యం మాత్రం ఉండేది.

చల్లపల్లిలో ఆయన మేనత్త పోతే వెళ్ళాం. సమాధి దగ్గర్నుంచి తిరిగొస్తూ కాలవ వంతెన మీద ఆగి, నీళ్ళలోకి వంగి చూశారు. చొక్కా జేబులోంచి ఫోను జారి కాలవలో పడింది. నిండుగా పారే కాలం. ఆయన కంగారు పడలేదు. పలక మీద "పైన ఉన్నాయిగా" అని రాశారు. కొత్త ఫోను తీసుకుని ఐడీ కొట్టాం. పాస్‌వర్డ్ కూడా గుర్తుంది. అయినా కొత్త ఫోను కాబట్టి కోడ్ పంపుతున్నామంది. ఏ నంబరుకి అంటే, చివరి రెండంకెలు చూపించింది. అవి మావి కావు.

బస్టాండుకి పరిగెత్తాను. సెల్ షాపు ఉన్నచోట చికెన్ పకోడీ బండి ఉంది. ఆ షాపతను కాపురం ఎత్తేసి ఎటో వెళ్ళిపోయాడట. పాత బిల్లు మీద షాపతని నంబరు ఉంది, చివరి రెండంకెలు అవే; దానికి చేస్తే ఎవరో ఆవిడ ఎత్తింది. ఆ నంబరు ఇప్పుడు ఆవిడదైందట.

"అమ్మా, మీకిప్పుడు ఒక కోడ్ వస్తుంది, అది కాస్త చెప్తారా?" అన్నాను.

"ఓటీపీయా? ఎవరికీ చెప్పొద్దన్నారండీ బ్యాంకోళ్ళు."

"నేను బ్యాంకు డబ్బులు అడగట్లేదమ్మా, మా ఆయన పాటలు."

"అందరూ ఇలాగే ఏదో ఒకటి చెప్తారండీ. పోయినసారి మా మరిదిగారు అలాగే మోసపోయారు. ఏమనుకోకండి" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే మోగలేదు. ఆవిణ్ణి ఏమని తిట్టను? ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

ఇక కంపెనీ మీద పడ్డాను. ప్రపంచమంతా దాని చేతిలో ఉంది, చిరునామా మాత్రం లేదు. సహాయం అని ఒక పేజీ, దాన్ని నొక్కితే ఇంకో పేజీ, అది మళ్ళీ మొదటి పేజీకే తెస్తుంది. ఏది రాసినా వెంటనే జవాబు వస్తుంది, ఎంత మర్యాదగా అనుకున్నారు! మీ సహనానికి ధన్యవాదాలు, మీ భద్రతే మాకు ముఖ్యం. ఎవరి నుంచి భద్రత? పాడినవాడి నుంచి పాటకి భద్రత. "గొంతు తీసేశారయ్యా మా ఆయనకి" అని తెలుగులో రాశాను, మా పక్కింటి టీచరుగారిచేత ఇంగ్లీషులో రాయించాను. రెండిటికీ ఒకే జవాబు. హైదరాబాదులో వాళ్ళ అద్దాల భవనం ఉందంటే నేను పనిచేసే బట్టల షాపులో సెలవు పెట్టి, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని రైలెక్కాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మంచినీళ్ళిచ్చాడు, పాపం. "ఇక్కడ కంప్లైంట్లు తీసుకోరమ్మా, ఆన్‌లైన్లో పెట్టుకోండి" అన్నాడు. ఆన్‌లైన్లో పెట్టే వచ్చానయ్యా అన్నాను.

నేను విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపుల్లో పనిచేస్తూ ముసలిదాన్నయ్యాను. మొదట చేసిన షాపు ఆ రోడ్డుకే పెద్దది. దాని ఓనరు పెద్దాయన గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకునేవారు. "చీర రంగు పోయింది" అని ఎవరైనా ఎగిరితే మాకు ఒళ్ళు మండేది, ఆయన మాత్రం సంబరపడేవారు. "అరుస్తుందంటే మళ్ళీ మన దగ్గరే కొనాలని ఉందనమ్మా. మాట్లాడకుండా వెళ్ళేదాన్ని చూసుకోండి" అనేవారు. ఆయన పోయాక కొడుకులొచ్చారు. గుమ్మం దగ్గర కుర్చీ తీసేసి టోకెన్ల మిషన్ పెట్టారు. మార్చుకునే కౌంటరుకి అద్దం బిగించారు, ఆ అద్దం వెనక మనిషుంటే కదా. పండగలకి జనం తొక్కుకుని పడుతుంటే, ఊళ్ళో మనల్ని మించినవాడు లేడని పొంగిపోయారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

ఆ రోజుల్లో నేను ఒకటి గమనించాను. షాపులో గొడవలు తగ్గాయి. కొడుకులు అది తమ గొప్పతనం అనుకున్నారు. పెళ్ళి బట్టలకి తరతరాలుగా మా దగ్గరికే వచ్చే కుటుంబాలు మా షాపు ముందు నుంచే, మా వంక చూడకుండా, ఎదురు షాపుకి వెళ్ళిపోతున్నాయి. ఎవ్వరూ పోట్లాడలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తర్వాత ఒక అంతస్తుకి లైట్లు ఆర్పేశారు, తర్వాత ఇంకో అంతస్తుకి. ఇప్పుడక్కడ చెప్పుల షాపుంది.

ఈ కంపెనీ కూడా అలాగే పోతుంది. నాకు అనుమానం లేదు. మా సంగతి విన్నాక చర్చిలో ఒకావిడ చనిపోయిన తల్లి ఫోటోలన్నీ స్టూడియోకి పట్టుకెళ్ళి కాగితం మీద వేయించుకుంది. క్వయిర్ పిల్లలు పాటలు మెమరీ కార్డుల్లో పెట్టుకుంటున్నారు. పాస్టరుగారు సంఘం వీడియోలు అక్కడ పెట్టడం మానేశారు. ఎవరూ కంపెనీకి చెప్పి మానలేదు, చెప్పడానికి అక్కడ ఎవరున్నారు గనక? అయితే ఏం? అది మునిగితే నాకేం ఒరుగుతుంది? ఆ షాపు మూతపడినప్పుడు నేను కొంచెం సంతోషించాను, దాచను. ఇది మూతపడితే మా పాటలు కూడా దాంతోనే పోతాయి. వాళ్ళు నాశనమైపోవాలని తిట్టుకోవడానికి కూడా లేకుండా చేశారు. వాళ్ళు చల్లగా ఉండాలని ప్రార్థన చెయ్యాల్సి వస్తోంది, ఇంతకంటే దిక్కుమాలినతనం ఉంటుందా?

ఊరంతా అడిగాను, ఆయన పాట ఎవరి ఫోనులోనైనా ఉందా అని. చర్చి వాట్సాప్ గ్రూపులో పంపినవన్నీ చెరిగిపోయాయి. ఒకరి దగ్గర క్రిస్మస్ ఆరాధనది దొరికింది, డ్రమ్ముల హోరులో ఆయన గొంతు ఎక్కడో అడుగున ఉంది. ఆయన చెవికి ఆనించుకుని కాసేపు విని ఫోను తిరిగిచ్చేశారు. ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. రోజురోజుకీ పళ్ళెంలో మిగిలేది ఎక్కువవుతోంది. చొక్కాలు వేలాడుతున్నాయి. ఆ మధ్య పలక మీద "వదిలెయ్" అని రాశారు. పలక లాక్కుని కొంగుతో తుడిచేశాను. నేను అరవడం మానేస్తే ఇక అరిచేవాళ్ళే లేరు.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఫోనులో మెసేజ్ ఉంది. మీ విన్నపాన్ని పరిశీలించాం, ఖాతా మీదేనని రుజువు చేసుకోండి. ఆయన్ని కూర్చోబెట్టి ఫోను ఎదురుగా పట్టుకున్నాను. ముఖం చూపించమంది, చూపించారు. కుడికి తిరగమంది, ఎడమకి తిరగమంది, తిరిగారు. పచ్చటి టిక్కు పడింది. ఆయన కళ్ళలో ఎన్నాళ్ళకో వెలుగు చూశాను.

తర్వాత తెర మీద ఒక వాక్యం వచ్చింది. దీన్ని గట్టిగా చదవండి అంది.

నేను గబగబా చదివేశాను. తెరపై ఉన్న వ్యక్తే చదవాలి అంది. వేరే దారి ఏమైనా ఉందేమోనని తెరంతా వెతికాను, మాట్లాడలేనివాళ్ళ కోసం ఎక్కడా మీట లేదు. ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకుని, ముఖానికి దగ్గరగా పెట్టుకుని పెదాలు కదిపారు. మెడ దగ్గర రంధ్రంలోంచి గాలి మాత్రం వచ్చింది.

మీ గొంతు వినపడటం లేదు, చప్పుడు లేని చోట మళ్ళీ ప్రయత్నించండి అంది ఫోను.

ఆయన తలెత్తి పైకి చూశారు. ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. నెమ్మదిగా మంచం మీంచి లేచి, గోడ పట్టుకుని నడిచి, ఆయనే స్విచ్చి ఆపారు. రెక్కలు పూర్తిగా ఆగేదాకా నిలబడి, వచ్చి కూర్చుని, మళ్ళీ ఆ వాక్యం చదవడం మొదలుపెట్టారు.