భీమడోలు యోబు చేతులు

మా అక్క కొడుకు యోబు మొట్టమొదట పేరు తెచ్చుకున్నది తాడేపల్లిగూడెంలో, ఒక రైసు మిల్లు వారి అంబాసిడర్ కారుతో. 1989 నాటి సంగతి. ఆ కారు రోడ్డు మీద బాగానే పరిగెత్తేది. నిలబెట్టి స్లోలో ఉంచితే మాత్రం ఇంజను వణికిపోయేది, లోపల కూర్చున్నవాళ్ల పళ్లు టకటకలాడేవి. రెండు షెడ్లవాళ్లు ఇంజను కింద రబ్బర్లు మార్చారు. వణుకు పోలేదు. చివరికి యోబు పని నేర్చుకుంటున్న హబీబ్ గారి షెడ్డుకు తెచ్చారు. పొద్దున మొదలుపెట్టిన యోబు మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. వేలు తడి చేసుకుని, ఇంజను నడుస్తుండగానే, గాలీ పెట్రోలూ లోపలికి పోయే దారిలోని అతుకులన్నిటి మీదా మెల్లగా నడిపించాడు. ఒకచోట వేలికి చల్లగా తగిలింది. అక్కడ సన్న సందులోంచి ఇంజను దొంగగాలి పీలుస్తోంది. కొత్త ప్యాకింగ్ వేసి బిగించాడు. కారు బానెట్ మీద పెట్టిన టీ గ్లాసు కదలలేదు.

"కళ్లున్నోళ్లు చాలామందొచ్చార్రా నా దగ్గరికి. వేళ్లున్నోణ్ణి నిన్నే చూశాను" అన్నారట హబీబ్ గారు.

నేను ఊరి బడిలో అయిదు చదివినవాణ్ణి. మన క్రైస్తవ సంఘం వార్షిక సంచికలో మనవాళ్ల గురించి నేను రాయడం ఇది నాలుగోసారి. ఎవరి గురించీ ఇంత గట్టిగా చెప్పలేదు: భీమడోలు, కొల్లేటికోట మధ్య యోబు చెయ్యి పడని ఇంజను లేదు. రైలు గేటు దగ్గర సొంత షెడ్డు పెట్టాడు. మన సంఘం జీపును పాత ఇనుముకి వేయకుండా ఆపి నడిపించాడు. తుఫాను ఏడాది గుడిలో తలదాచుకున్నవాళ్లకి తడిసిన జనరేటరు విప్పి, ఆరబెట్టి, దీపాలు వెలిగించాడు. కొల్లేటి పడవల ఇంజన్లు బాగు చేశాడు. మనవాళ్లలో నలుగురికి పని నేర్పాడు, నలుగురూ ఇవాళ షెడ్లు పెట్టుకుని బతుకుతున్నారు.

ఇంకొకటి కూడా అతను నేర్పిందే. వానాకాలం కొల్లేటికోట రోడ్డు మీదికి నీళ్లొస్తాయి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తడిస్తే కారు నీళ్ల మధ్య ఆగిపోతుంది. అందుకని దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి పురికొసతో కట్టమని డ్రైవర్లకు చెప్పాడు. ఇప్పుడు అటు తిరిగే ప్రతి కారులోనూ ఆ కవరు ఉంటుంది.

మొన్న సెప్టెంబరులో డ్రైవరు జగ్గారావు కారు వచ్చింది. చేపల చెరువుల వాళ్లను తిప్పే అంబాసిడర్ అది. ఆ పూట నేను షెడ్డులోనే ఉన్నాను.

"మేస్త్రీ గారూ, దీనికి మలేరియా అండి. ఆగితే చాలు ఒణుకుతాది" అన్నాడు జగ్గారావు.

"నువ్వు దిగి చూడు, తగ్గుద్దేమో" అన్నాడు యోబు.

ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ పెట్టాడు. పీకిన ప్రతిసారీ వణుకు ఎక్కువైంది. అంటే నాలుగు సిలిండర్లూ పని చేస్తున్నాయన్నమాట. ఏదో ఒకటి చచ్చి ఉంటే, దాని వైరు పీకినా తేడా ఉండదు. యాక్సిలరేటర్ రైజ్ చేస్తే వణుకు తగ్గుతోంది. ఇది దొంగగాలేనన్నాడు. వేలు తడి చేసుకుని అతుకుల వెంట నడిపించాడు. ఏమీ లేదన్నాడు. మళ్లీ నడిపించాడు. కార్బొరేటర్ పై మూత విప్పి, లోపల కడిగి, బిగించాడు. వణుకు అలాగే ఉంది. మూడోసారి వేలు పెట్టాడు, ఎడమ చెయ్యి ఆనించుకుని, ముందుకు వంగి.

కాలిన వాసన వచ్చింది. రబ్బరనుకున్నాను. జగ్గారావు యోబు భుజం పట్టి వెనక్కి లాగాడు. ఎడమ అరచెయ్యి సైలెన్సర్ గొట్టం మొదట్లో, ఎర్రగా కాగే చోట ఆని ఉంది. చర్మం తెల్లగా లేచిపోయింది. యోబు దాన్ని ఎవరి చెయ్యో చూసినట్టు చూశాడు.

"నొప్పి లేదు మావయ్యా" అన్నాడు.

అన్నం కేరియర్ తెచ్చిన అతని భార్య జెస్సీ ఆ చేతిని బకెట్టులో ముంచి పట్టుకుంది. నా వైపు చూడకుండా చెప్పింది. "వేసంగి నుంచీ అన్నం వేడి తెలవట్లేదండీ ఈయనకి. మీకు చెప్పొద్దన్నారు."

ఇంజను వణుకుతూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఆ బకెట్టులో నీళ్లు చూస్తూ నిలబడ్డాను.

యోబే అన్నాడు: "జగ్గారావు, నీ వేలు తడి చేసుకో. నేను చెప్పినకాడల్లా పెట్టు."

జగ్గారావు పెట్టాడు. కార్బొరేటర్ మొదట్లో, డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చే సన్న రబ్బరు పైపు తగిలించిన చోట ఆగాడు.

"ఇక్కడ చల్లగా ఉందండి. లాగుతోంది."

యోబు అప్పుడు డిస్ట్రిబ్యూటర్ కవరు వైపు చూశాడు. కవరు కట్టేటప్పుడు జగ్గారావు ఆ పైపును కూడా కలిపి పురికొస బిగించేశాడు. దాంతో పైపు రెండో కొన కార్బొరేటర్ దగ్గర సగం ఊడి వచ్చింది. యోబు వేలు మూడుసార్లూ ఆ సందు మీదుగానే వెళ్లింది. పురికొస కోయించి, పైపు చివర కొంచెం కత్తిరించి మళ్లీ తొడిగించాడు, అంతా జగ్గారావు చేతనే. ఇంజను కుదుటపడింది.

"బాగుంది. తీసుకుపో" అన్నాడు.

మర్నాడు మిషను ఆసుపత్రికి నేనూ జెస్సీ తీసుకువెళ్లాం. డాక్టరమ్మ కళ్లు మూసుకోమని, వేళ్ల మీద దూది, పెన్ను మొన తాకించి ఎక్కడో చెప్పమంది. చాలాచోట్ల యోబు జవాబు చెప్పలేదు. కుష్టు అంది. ఆ మాట రాయవచ్చా అని యోబును అడిగాను. రాయమన్నాడు. బిళ్లలతో నయమవుతుందని, మందు మొదలయ్యాక ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పింది గనుక అదీ రాస్తున్నాను. పోయిన స్పర్శ కొంత రావచ్చు, రాకపోవచ్చు. వాచిన నరాలకు మందు, కాలిన చేతికి కట్టు, వేళ్లకు వ్యాయామం కోసం అక్కడే ఉంచుకున్నారు.

షెడ్డుకు తాళం వేసి ఉంది. కొందరు బండ్లు వేరే చోటికి తోలుకుపోతున్నారు. మళ్లీ పనిలోకి రానిస్తారా అని పోయిన ఆదివారం అడిగాడు యోబు. ఎవరు రానివ్వాలో నాకు అర్థం కాలేదు, డాక్టరమ్మో, జనమో, చేతులో. డాక్టరమ్మ మాత్రం పని చెయ్యవచ్చంది. తొడుగులు వేసుకోవాలి, ముట్టుకునే ముందు కళ్లతో చూడాలి, సాయంత్రం చేతులు తిప్పి తిప్పి దెబ్బలు వెతుక్కోవాలి. యోబు అది నేర్చుకుంటున్నాడు. నా ఎదుట వేడి టీ గ్లాసును పట్టుకోకుండా ముందు ఆవిరి చూశాడు, తర్వాత తువ్వాలుతో పట్టుకున్నాడు. ఇదివరకు ఏది నేర్చుకున్నా నవ్వేవాడు. నవ్వలేదు.

వచ్చాక మొదటి బండి తనదే పెట్టమని జగ్గారావు చెప్పి వెళ్లాడు. ఆసుపత్రి వారు పంపిస్తామన్నది డిసెంబరు పదహారు, శనివారం.