బావ చాకులోని కొక్కెం

మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో జబ్బు. బాపుకు ఉబ్బసం, అవ్వకు, అంటే మా అమ్మకు, మోకాళ్ల నొప్పి, నాకు అనుమానం. పాలాయన నవ్వితే నీళ్లు కలిపాడనుకునేవాణ్ణి, నవ్వకపోతే ఇంకాస్త ఎక్కువ కలిపాడనుకునేవాణ్ణి. అలాంటి నా కళ్ల ముందుకు, తొంభైల నడుమ, బావ దుబాయి నుంచి ఒక చాకు తెచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. అక్కడ పనిచేసే కంపెనీ మూతపడింది. ఇక్కడ ఏదైనా పని దొరికేదాకా ఇద్దరూ రావల్కోల్‌లో మా ఇంట్లోనే ఉన్నారు. బావ మా ద్రాక్షతోటకు వచ్చేవాడు. కొన్నాళ్లకే బాపు ఏ తీగ సంగతైనా నన్ను వదిలేసి ఆయన్ను అడగడం మొదలుపెట్టాడు. నాకు కడుపు మండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఆ చాకు మడిస్తే వేలంత, విప్పితే పదకొండు పనిముట్లు. ఒక్కోదాని వెనక దుబాయిలో బావతో ఒకే గదిలో ఉన్న మనిషి ఒకడు ఉండేవాడు. సూదికున్నట్టు బెజ్జమున్న దబ్బనంతో పఠాన్ డ్రైవర్ చెప్పులు కుట్టుకునేవాడట. పళ్లున్న పలకతో ఫిలిప్పీన్స్ వంటాయన చేప పొలుసు గీకేవాడట. డబ్బా మూత కోసేదాని కొసతో మలయాళీ ఒకాయన స్క్రూలు తిప్పేవాడట. బావ కూడా ఆ దబ్బనంతో అవ్వ చెప్పు కుట్టిచ్చాడు. అవ్వ ఊరంతా చెప్పుకుంది. అదీ నాకు మంటే.

ఒక్క కొక్కేనికి మాత్రం కథ లేదు. చాకు వీపు మీద, వంగిన వేలిలా ఉండేది.

"గిది దేనికి బావా?" అని అడిగాను.

"పని వడ్డప్పుడు సూపిస్త తీ బామ్మర్ది" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. అన్నీ చెప్పే మనిషి దీన్ని ఎందుకు దాస్తున్నాడు? వంకర కొక్కెం తాళం తీయడానికి తప్ప ఇంకెందుకు పనికొస్తుంది? అప్పటి నుంచి ఆయన చేతులనే చూస్తూ తిరిగాను.

దసరా దగ్గరపడింది. పండుగ కాగానే తీగల కొమ్మలు కత్తిరించాలి, ఆలస్యమైతే కాపు పోయినట్టే. ఆ ముందు రోజుల్లో ఒక పొద్దున మోటారు గది తెరిచాను. గోడకు వేలాడే కత్తెరలు ఐదూ లేవు! తాళం పగల్లేదు, తాళంచెవి నా మొలతాడుకే ఉంది. అవ్వను అడుగుదామంటే ముందురోజే శామీర్‌పేటలోని మేనత్త ఇంటికి వెళ్లింది. అయినా అవ్వను అడగాలని నాకు తోస్తే కదా!

వాకిట్లో అందరి ముందూ అన్నాను: "తాళం వలగలే. తాళం తీసే కొక్కెం ఎవలి తాన ఉన్నదో అందరికి ఎర్కనే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడేమోనని చూశాను. బావ తడుముకోలేదు. చాకు తీసి అరుగు మీద పెట్టి, "తీసి సూడు" అన్నాడు.

చూశాను. కొక్కెం లావుగా ఉంది, తాళం బెజ్జంలోకి కొస కూడా దూరలేదు. బుద్ధున్నవాడైతే అక్కడితో ఆగేవాడు. నేను "శాతనైనోనికి వస్తది" అన్నాను.

"నా మొగణ్ణి దొంగంటావురా?" అని అక్క ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది. బావ బాపు వైపు చూశాడు. బాపు దగ్గుతూ నేలచూపులు చూశాడు.

"కత్తెర్లు దొరికేదాకా గిది నా తాననే ఉంటది" అని చాకు జేబులో వేసుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ట్రంకుపెట్టె పట్టుకుని కొంపల్లి బస్సెక్కారు. అక్కడ ఇళ్లు కట్టేచోట బావకు పని దొరికిందన్నారు. బావ చాకు ఇమ్మని అడగలేదు. అడగలేదంటే తప్పు చేసినట్టే కదా అనుకున్నాను, దరిద్రుణ్ణి.

పండుగ ముందురోజు అవ్వ తిరిగొచ్చింది. మధ్యాహ్నానికి మేడ్చల్ కమ్మరి గోనెపట్టాలో చుట్టి ఐదు కత్తెరలూ తెచ్చాడు, తళతళా మెరుస్తున్నాయి. మొద్దుబారిన ఇనుమును ఆయుధపూజలో పెట్టొద్దన్నది అవ్వ నియమం. ఏటా సానకు ఇచ్చి రావాల్సింది నేను.

"నీకు రెండుమార్లు జెప్తి, నువ్వు ఇనకపోతివి. నేనే తీసి ఇచ్చిన" అంది, రొండిన దోపుకున్న రెండో తాళంచెవి చూపిస్తూ. అది ఎప్పుడూ అక్కడే ఉండేది, నాకు తెలుసు.

బాపు కొంపల్లి వెళ్లి బతిమాలాడు. వాళ్లు పండుగలకు వచ్చిపోయేవారు గానీ మా ఇంట్లో మళ్లీ కాపురం పెట్టలేదు. చాకు తిరిగివ్వడానికి నాకు మొహం చెల్లలేదు. ఏ దసరాకు చూసినా కత్తెరలు, గడ్డపార, కొడవళ్లు అన్నీ పూజలో ఉండేవి. చాకు మాత్రం నా పెట్టెలో బట్టల కింద ఉండేది. ఆ ఏడు మా ఇంట్లో నిజంగా దొంగతనమైంది అదొక్కటే.

పదేళ్లు దాటాక తోట తీసేశాం, ఆ నేల ప్లాట్లయింది. ఆ దసరా సాయంత్రం జమ్మి ఆకు, మిఠాయి డబ్బా, చాకు పట్టుకుని కొంపల్లి వెళ్లాను. బావ చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కాను. ఆయన లేపి, గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ ఇచ్చాడు. చాకు ఆయన చేతిలో పెట్టాను.

అక్క గుర్తుపట్టింది. "గిదేంది! బస్సుల పడిపోయిందంటివి గదా?"

"పడిపోయింది. ఇగ దొరికింది" అన్నాడు బావ. అంటే ఇన్నేళ్లూ నా పేరు రానీయలేదు, అక్క దగ్గర కూడా. నాకు ఏడుపాగలేదు.

బావ కొక్కెం విప్పాడు. మిఠాయి డబ్బాకు చుట్టిన తాడు కింద దూర్చి, చాకును పిడిలా పట్టుకుని డబ్బాను పైకి లేపాడు.

"దుబాయిల ఒక ఈజిప్టు ముసలాయన నేర్పిండు. గిట్ల వడితే తాడు ఏలు కొయ్యది. ద్రాచ్చ డబ్బాలు మోసి నీ ఏళ్లు తెగుతుండె గదా, కాపుకొచ్చినంక సూపిద్దామనుకున్న" అన్నాడు.

చాకు నా పెట్టెలో దాగి ఉన్న ఆ పది కాపులూ నేను ఆ డబ్బాలను వేళ్లతోనే మోశాను.