గంధం బిగుసుకున్న వాచీ

పొద్దున కాఫీ కలుపుకుంటుంటే ఫోను మోగింది. చూస్తే మా అన్నయ్య మనవరాలు పంపిన ఫోటో. కౌలాలంపూర్‌లో చదువుకుంటున్న పిల్ల, నలుగురు స్నేహితురాళ్ళతో తియోమాన్ దీవికి వెళ్ళి, రబ్బరు బట్టలు తొడుక్కుని పడవ అంచున కూర్చుని నవ్వుతోంది. ఒక చేతికి కొత్త జపాన్ వాచీ, రెండో చేతికి నీళ్ళ అడుగున లోతు చూపించే అరచేయంత కంప్యూటరు. కింద రాసింది, "మామ్మా, గోయింగ్ డౌన్ నౌ." అంతే. నా కాఫీ అక్కడే ఉండిపోయింది. లేచి వెళ్ళి బీరువాలో చీరల అడుగునుంచి మా అన్నయ్య పాత వాచీ తీసి, అది నిద్ర లేచేదాకా ఊపి, దాని చుట్టూ ఉండే రింగు తిప్పి, చుక్కని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో ఎవరైనా చూస్తే ఈ ముసలిదానికి మతి పోయిందనుకుంటారు. అనుకోనీ.

నిన్న రాత్రే ఫోనులో చెప్పాను దానికి, దిగేముందు వాచీకి బొట్టు పెట్టుకో, రింగు జోలికి పోకు, పట్టీ మీద పెట్టు అని. దానికి తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు. "ఐయో మామ్మా, ఇంగె కుంకుమం ఇల్ల లా" అని, ఇక్కడ కుంకుమ ఎక్కడిదని తమిళంలో నవ్వేసి పెట్టేసింది. పట్టీ మీదే ఎందుకో దానికి తెలియదు. చెబుదామంటే వినే తీరిక దానికి లేదు. నా ఈడు వాళ్ళు మీరైనా వినండి.

మాది మలేషియాలో క్లాంగ్. తాతలు ఎస్టేటులో గుమాస్తాలు, నాన్న కూడా అక్కడే రాతకోతల్లో నడుం వంగి రిటైరైనవాడు. నీళ్ళంటే మా వంశంలో ఎవరికీ పడదు. అలాంటి ఇంట్లో పుట్టి మా అన్నయ్య పోర్టులో ఓడల అడుగున దిగి నాచూ గవ్వలూ గీకే పనికి కుదిరాడు. ఆ పని నేర్పినవాడు ఒక మలాయి పెద్దాయన, అందరూ పాక్‌చిక్, అంటే బాబాయి అని పిలిచేవారు, మేమూ అదే పిలిచేవాళ్ళం. వీపున గాలి సిలిండరు కట్టుకుని, బురదనీళ్ళలో చేత్తో తడుముకుంటూ, తలమీద కొండంత ఓడ ఉండగా చేసే పని అది. సిలిండరులో ఎంత గాలి మిగిలిందో చూపించే మీటరు ఆ రోజుల్లో వాళ్ళ దగ్గర లేదు. చేతి వాచీయే దిక్కు. దిగేటప్పుడు రింగు మీది చుక్కని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెట్టుకోవాలి, ముల్లు ఇంత దూరం పోగానే పైకి వచ్చేయాలి. రాకపోతే ఏమవుతుందో అన్నయ్య ఎప్పుడూ చెప్పలేదు, మా అమ్మ అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

అన్నయ్యకి ఆ జపాన్ వాచీలంటే పిచ్చి. అన్నం తింటూ వాటి కథ చెప్పేవాడు, వినేది నేనొక్కదాన్నే. మొదట్లో వచ్చినవి మామూలు వాచీల్లా సన్నగా ఉండేవట, నీళ్ళు చొరకుండా వెనక మూత బిగించి, చీకట్లో మెరిసే రంగు ముళ్ళకి పూసి అమ్మేవారట. తరువాత కేసు లావెక్కింది, టైము మార్చే బుడిపె చేతికి గుచ్చుకోకుండా కాస్త కిందికి జరిగింది, దాన్ని మరమేకులా తిప్పి బిగించే ఏర్పాటు వచ్చింది. మరీ లోతుకి దిగేవాళ్ళ కోసం వాచీ చుట్టూ రేకు కవచం తొడిగిన రకం ఒకటి ఉండేది, చూడ్డానికి సార్డిన్ చేపల డబ్బా. దాని రబ్బరు పట్టీకి ముడతలు ముడతలుగా ఉంటాయి. లోతుకి పోయేకొద్దీ నీళ్ళ ఒత్తిడికి ఒంటిమీది రబ్బరు బట్ట నలిగి పలచబడితే పట్టీ వదులైపోకుండా ఆ ముడతలు దగ్గరికి వస్తాయట. చమురు బావుల దగ్గర పనిచేసేవాళ్ళ చేతికి అది చూసి వచ్చి వారం రోజులు అదే జపం చేశాడు మావాడు.

అతని మొదటి వాచీ పాక్‌చిక్ వాడి వదిలేసింది. దాని రింగు అటూ ఇటూ ఎటైనా తిరిగేది, ఓడకి తగిలి జరిగితే చుక్క ఎటు పోయిందో తెలిసేది కాదు. అందుకే ఒకవైపే, టిక్ టిక్‌మని పళ్ళ మీద తిరిగే కొత్త రకం రాగానే క్లాంగ్ చీనావాడి షాపులో కొనుక్కున్నాడు. అప్పుడు మా వదిన తొలి కాన్పుకని ఇపో ఊళ్ళో పుట్టింటికి వెళ్ళి ఉంది. కొత్త వాచీ చూసి ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంతోషపడింది మా అమ్మ. పాతదాని మీద ఆమెకి నమ్మకం లేదు. కారణం వేరే.

మా ఇంట్లో ఆయుధపూజకి ఎవరి పనిముట్లు వాళ్ళవి పూజలో పెట్టడం ఆనవాయితీ. నాన్న పెన్ను, నా కుట్టుమిషను, అన్నయ్య వాచీ. అంతకుముందు ఏడాది పూజలో పాత వాచీ నున్నటి స్టీలు మీద నిలవక గంధం బొట్టు ఊడి కిందపడింది. ఇక చూడండి, ఆ ఏడాదంతా మా అమ్మకి కంటిమీద కునుకు లేదు. అన్నయ్య తుమ్మితే ఉలిక్కిపడేది, అరగంట ఆలస్యమైతే వాకిట్లో నిలబడేది. ఆ భయంతోనే ఈసారి ఎవరికీ చెప్పకుండా గంధంలో మెత్తగా మెదిపిన అన్నం మెతుకులు కలిపింది. కాగితాలు అంటించడానికి మనందరం వాడిన జిగురే కదా. ఆ ముద్దతో వాచీ రింగు చుట్టూ నాలుగు దిక్కులా ఇంతింత బొట్లు అద్ది, పైన కుంకుమ పెట్టి, ఇక ఊడదని తృప్తిగా దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే పనికి వెళుతూ అన్నయ్య పూజలోంచి వాచీ తీసి చొక్కాకి తుడవబోతే ఆమె వంటింట్లోంచి పరుగున వచ్చింది. "తుడిసేయకురా, ఈయేల బొట్టు తుడవకూడదు" అని చెయ్యి పట్టుకుంది. సరే అమ్మా అని అద్దం వరకూ మాత్రం వేలితో తుడుచుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి నేను ఎవరిదో రవిక కుడదామని మిషను ముందు కూర్చున్నాను. చక్రం తిరగలేదు. ఇంకొంచెం బలంగా లాగాను, కదల్లేదు. చూస్తే చక్రం సందులో నిన్నటి పూజ గంధం ఎండి రాయిలా బిగుసుకుంది. చాకు మొనతో గీకితే పొడి రాలుతోంది గాని వదలడం లేదు. ఇదేం గంధమమ్మా అని విసుక్కున్నాను. అమ్మ, పాపం, దాచుకోకుండా మెతుకుల సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వాచీ రింగు చుట్టూ ఉన్నదీ ఆ ముద్దే.

"నానేటి సేసినానే తల్లీ! బేగి ఎల్లు, దిగొద్దని సెప్పు" అని ఆమె నన్ను వీధిలోకి తోసినంత పని చేసింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టానో లేదో గుర్తులేదు. పోర్టు బస్సు ఆ రోజు ఆగినన్ని చోట్ల ఇంకెప్పుడూ ఆగలేదని నాకిప్పటికీ అనుమానం. ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు తీరిగ్గా బుట్టలు దింపుకునేవారు. వాళ్ళందరినీ మనసులో తిట్టాను. వదిన మొహం కళ్ళముందు మెదులుతుంటే దేవుడా, దేవుడా అనుకుంటూ కూర్చున్నాను.

గేటు దగ్గర కాపలావాడు లోపలికి పోనివ్వనన్నాడు. వచ్చీరాని మలాయిలో ఏడుస్తూ చెబితే నా అవస్థ చూసి తనే జెట్టీ దాకా తీసుకెళ్ళాడు. ఓడ పక్కన పడవ ఊగుతోంది, అందులో ఎవరూ లేరు. "దా తురున్, ఇద్దరూ దిగేశారు" అన్నాడు. ఎప్పుడు దిగారని అడిగితే భుజాలెగరేశాడు. అది చాలదూ నన్ను చంపడానికి! ఎప్పుడు దిగాడో తెలియదు, ఎప్పుడు రావాలో తెలియదు, నా చేతికి వాచీ లేదు, ఉన్నా ఏం లాభం. చమురు తేలుతున్న ఆ గోధుమరంగు నీళ్ళలో ఎక్కడో బుడగలు లేచేవి, అవే మావాడివని వాటినే చూసేదాన్ని, అవి ఆగిపోతే నా గుండె ఆగేది, మరోచోట లేస్తే మళ్ళీ కొట్టుకునేది. రింగు తిరగకపోతే అతను ఏం చేసి ఉంటాడు? అమ్మ మాట కాదనలేక, పని మానలేక, అందాజు మీద దిగి ఉంటాడు. మావాడి అందాజు నాకు తెలియనిదా, కబుర్లలో పడితే అన్నం చల్లారిపోయేదాకా లేవడు.

ఒక తల పైకి తేలింది. పాక్‌చిక్‌ది. ఒక్కటే తల. ఆయన పడవ అంచు పట్టుకుని ఎక్కి, ముఖానికున్న అద్దం తీసి, నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. వేలితో నీళ్ళు చూపించాను. "జాంగన్ తకుత్, ఆదిక్" అన్నాడు, భయపడకు చెల్లీ అని. ఆ మాటంటూ తనూ నీళ్ళవైపే చూశాడు. అలా చూడకపోతే బాగుండేది. ఆ తరవాత గడిచింది ఎంతసేపో నేను చెప్పలేను. అప్పుడు పడవ అవతలివైపు నీళ్ళు చెదిరి మా అన్నయ్య తల కనబడింది. అక్కడే జెట్టీ మీద, ఆ నూనె మరకల్లో కూలబడి బావురుమన్నాను.

జరిగింది ఇదీ. పడవలో రింగు తిప్పబోతే కదల్లేదట. పాక్‌చిక్ కూడా ప్రయత్నించి, మీ అమ్మ దీవెన మరీ గట్టిదిరా అని నవ్వాడట. అప్పుడు అన్నయ్య, చుక్క ముల్లు దగ్గరికి రాకపోతే ముల్లునే చుక్క దగ్గరికి తెస్తానని, బుడిపె లాగి నిమిషాల ముల్లుని చుక్క ఎదురుగా తిప్పుకుని, మళ్ళీ బిగించుకుని దిగాడు. ఆ రోజంతా అతని చేతికి ఉన్నది తప్పు టైమే. "ఏటే, ఇంత దూరం ఈ మాటకే వచ్చినావా?" అని నా నెత్తిన మొట్టికాయ వేశాడు. తడిచేయి, ఉప్పువాసన. ఇప్పటికీ తగులుతున్నట్టే ఉంటుంది.

ఇంటికి రాగానే అమ్మ అతని మణికట్టు పట్టుకుని చూసింది. గోడ గడియారానికీ వాచీకీ పొంతన లేదు. ఆగిపోయిందని కెవ్వుమంది. చెవి దగ్గర పెట్టుకుని, కొట్టుకుంటోందని తెలిశాక గాని కూర్చోలేదు. ఆ సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళూ చీపురుపుల్లా పెట్టుకుని ఒక్కో సందూ ఆమే శుభ్రం చేసింది. రింగు టిక్కుమని కదిలాక, ఇది వెనక్కి ఎందుకు తిరగదని అడిగింది. దేనికైనా తగిలి జరిగినా, గడిచిన సేపుని ఎక్కువగానే చూపించి తొందరగా పైకి తరమాలి గాని, ఇంకా టైముందిలే అని మోసం చేయకూడదని అలా చేశారమ్మా అన్నాడు అన్నయ్య. "అలగైతే ఇది నాలాటిదేరా" అంది. ఆ ఏటినుంచి మా ఇంట్లో బొట్టు పట్టీ మీదికి మారింది.

తరువాత చాలా వచ్చాయి. బ్యాటరీతో నడిచేవి, లోతు చూపించేవి, వెలుతురుకే నడిచేవి. అన్నయ్య అన్నీ కట్టాడు, డబ్బా వాచీ కూడా. చివరికి పొడినేల మీద, తన మంచంలో, మనవరాలు చేయి పట్టుకుని ఉండగా వెళ్ళిపోయాడు. ఆ రోజు వదిన కడుపులో ఉన్నవాడి కూతురే ఈ పిల్ల. వాళ్ళ తాత అన్నం కోసం దిగిన నీళ్ళలోకి ఇది సరదాకి దిగుతోంది. గాలెంత ఉందో, లోతెంతో, ఎప్పుడు రావాలో దాని చేతి కంప్యూటరే కూతపెట్టి చెబుతుంది, జపాన్ వాచీ అందానికట. మా అమ్మ సాయంత్రం దాకా వాకిలి చూసేది, నాకు కబురు అరచేతిలోకే వస్తుంది. ఇన్ని మారాయి కదా, భయం కూడా కాస్త తగ్గి ఉంటుందనుకున్నాను. ఎక్కడ తగ్గింది! వాకిట్లో నిలబడే భయం ఇప్పుడు కుర్చీలో కూర్చుంది, అంతే తేడా.

ఇది రాస్తుండగానే ఫోను మోగింది. "అప్ ఆల్రెడీ లా, మామ్మా!" తడిజుట్టుతో నవ్వుతూ మణికట్టు ఫోటోకి చూపిస్తోంది. కళ్ళజోడు పెట్టుకుని పెద్దది చేసి చూశాను. వాచీ పట్టీ మీద, నీళ్ళకి సగం చెదిరిన ఎర్రటి చుక్క. లిప్‌స్టిక్కు.

కళ్ళు తుడుచుకుని, చల్లారిన కాఫీ తాగాను. వాచీ మాత్రం ఇంకా బీరువాలో పెట్టలేదు. మధ్యాహ్నం మళ్ళీ దిగుతుందట.