మైసమ్మకు పెట్టకముందే తిన్న గుత్తి

కౌకూర్ నుంచి అత్వెల్లికి కోడలిగా వచ్చేదాకా నాకు ద్రాక్ష అంటే బండి మీద అమ్మే పండే. తొంభైల్లో అత్వెల్లి వైపు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే ఉండేవి. మా అత్తగారింటి మాటలూ, అలకలూ, రాజీలూ అన్నీ వాళ్ల తోటలోని పందిరి కిందే. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పొలం గెట్టు మీది మైసమ్మకు తొలి గుత్తి పెట్టేదాకా ఎవరూ ఒక్క పండు కూడా నోట్లో వేసుకోకూడదు. మామయ్య ఏటా ఒక పొద్దున తోటలోంచి వచ్చి, "రేపు అమ్మకు పెడదాం" అనేవారు. ఆయన కాయను చూసే తీపి చెప్పేస్తారని ఊరంతా అనుకునేది. నేనూ నమ్మాను.

పెద్దవాడు కడుపులో ఉన్న ఏడు పులుపు కోసం ప్రాణం లాగేసింది. ఒక మధ్యాహ్నం, మైసమ్మకు ఇంకా పెట్టకముందే, పందిరి కింద కూర్చుని సగం గుత్తి లాగించేశాను. మూడో రోజు వడగళ్ల వాన పడింది. పావుగంటలో ఏడాది కష్టం నేలపాలైంది. మామయ్య తడిసిన తువ్వాలతోనే చితికిన పండ్ల మధ్య కూలబడిపోయారు. అంతా నా వల్లే జరిగిందని నాకు రూఢి అయిపోయింది. భయంతో నోరు మెదపలేదు.

ఆ రోజు నుంచి పన్నెండేళ్లు ద్రాక్ష ముట్టలేదు. తీగలు కత్తిరించాను, మందు కొట్టించాను, గుత్తులు కోసి పెట్టెల్లో సర్దాను. తినడం మాత్రం లేదు. "ద్రాక్ష తోట కోడలికి ద్రాక్ష పడదంట" అని ఆడబిడ్డలు ఆటపట్టిస్తే, "దగ్గొస్తది" అని తప్పించుకునేదాన్ని. ఏటా మైసమ్మ ముందు లెంపలేసుకునేదాన్ని. తర్వాత పంటలు బాగానే వచ్చాయి, పిల్లలు చక్కగా ఎదిగారు, నవ్వుతూనే బతికాం. ఆ ఒక్కటే లోపల గుచ్చుకుంటూ ఉండేది.

రెండువేలు దాటాక బోర్లు ఎండిపోయాయి. చుట్టూ తోటలన్నీ ప్లాట్లయ్యాయి. మామయ్య పోయాక మేమూ ఆ ఏటి కాపు కోశాక తోట తీసేద్దామనుకున్నాం. కోతకు ముందు అత్తమ్మతో పందిరి కింద తిరుగుతుంటే ఇక ఆగలేక మొత్తం చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఓసి పిచ్చిదానా! మీ మామ కాయను సూసి సెప్తుండె అనుకున్నవా? వరుసకో పండు నేను తిని ఆయనకు సెప్తుంటి. తినకుంటే ఎట్ల ఎరుకైతది? అమ్మకు పుల్లటియి పెడతమా?"

"మరి గా రాళ్లవాన?"

"గా ఏడు మేడ్చల్ అంతట పడ్డది. అందరి కోడళ్లు తిన్నరా ఏంది?"

నాకు ముందు కోపమే వచ్చింది. పన్నెండేళ్లు! "ముందే సెప్తే ఏం పోతుండె అత్తమ్మా?"

"నువ్వు అడిగితే గదా బిడ్డా. మీ మామకు గా పేరుండనీ అని ఊకున్న." ఒక గుత్తి నుంచి పండు తెంపి నా నోటి దగ్గర పెట్టింది. "పోయిన నెల నాకు షుగరున్నదన్నరు. ఇగ నువ్వే తిని సెప్పు."

కళ్లు మూసుకుని మెల్లగా నమిలాను.

"ఇంకో నాలుగు దినాలు ఆగాలె అత్తమ్మా," అన్నాను. "పుల్లగున్నది."