బోధన్ బెల్లం, సముద్రం అవతలి నేల

సముద్రానికి హద్దు గీసిన దేవునికి స్తోత్రం. ఆ హద్దు మీదుగా ఏడుగురు కూలివాళ్లను నడిపించి, ఒక్కరి వేలైనా నలగకుండా తిరిగి బోధన్ చేర్చినందుకు ముందుగా ఆయనకే స్తోత్రం. ఇక ప్రయాణం సంగతి చెబుతాను.

సిలోను తేయాకు తోటల్లో పనిచేసే తమిళ కూలీలు ఒక ప్రార్థనాలయం కట్టుకున్నారు. గోడలు లేచాయి, కప్పు పడింది. సిమెంటు దొరక్క నేల మాత్రం మట్టిగానే ఉండిపోయిందని మా సంఘానికి ఉత్తరం వచ్చింది. సున్నపు నేల మా ఆడవాళ్ల చేతికి అలవాటైన పని. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపిన సున్నం పరిచి చెక్కలతో రోజుల తరబడి కొడితే అది రాయవుతుంది. మేం వెళ్తామన్నాం.

నిజామాబాదులో సంఘ పెద్ద ఒకాయన నవ్వాడు. "మనకే బయటిదేశపోళ్లు అచ్చి బడి కట్టిచ్చిండ్రు. మీరు పొయి సముద్రమవతల ఏం కడ్తరమ్మా?"

"కట్టిచ్చుకున్నోళ్లకు కట్టుడు రాదా అయ్యా?" అన్నాను.

"ఆడోళ్లు కొట్టిన నేల పగిలిందంటే మళ్ల ఆడోళ్లను పంపం. యాదికుంచుకో."

నేను పదేళ్లుగా బైబిలు సంచి భుజాన వేసుకుని ఊరూరా వాక్యం చెబుతున్నదాన్ని. ఆ సంచి చూపించి అన్నాను: "పగిలితే ఈ సంచి మీ బల్ల మీద పెట్టి ఇంటికి పోత."

సోమవారం ఉదయం ఆరున్నరకు బోధన్‌లో బండెక్కాం. ఐదుగురు ఆడవాళ్లం, ఇద్దరు మగవాళ్లు. మాలో పెద్దది లచ్చవ్వ, నలభై ఏళ్లుగా సున్నం కొడుతున్న చేయి. మద్రాసులో కొన్నాళ్లు పనిచేసి అరవం నేర్చిన దేవదాసన్న మాకు నోరు. సామానులో ఐదు చెక్కలు, ఒక మూట కరక్కాయలు, రెండు డబ్బాల బోధన్ బెల్లం. సున్నం అక్కడే దొరుకుతుందని రాశారు. మంగళవారం పొద్దున మద్రాసు. సాయంత్రం ఎగ్మూరులో రామేశ్వరం బండి. మూడో తరగతిలో కూర్చోవడానికి చోటు దొరికింది, కాళ్లు చాపడానికి దొరకలేదు.

మా వెనక వెళ్లేవారికి ఒక మాట. మశూచి టీకా కాగితం శుభ్రంగా దాచుకోండి. లచ్చవ్వ తనది తమలపాకుల సంచిలో పెట్టుకుంది. ఓడరేవులో డాక్టరు ఆ ఎర్రటి మరకల్లో సంతకం వెతకడానికి పావుగంట పట్టింది.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఓడ కదిలింది. అవతలి గట్టున కస్టమ్స్ ఆయన మా చెక్క తిప్పి చూసి, బట్టలుతకడానికా అని అడిగాడు. దేవదాసన్న ఆ ప్రశ్న మాకు తెలుగులో చెప్పి ఆయనకు జవాబిచ్చేలోపే లచ్చవ్వ అందుకుంది. "ఉతుకుడే బాపు. నేలను ఉతుకుతం."

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, నవ్వి పంపేశాడు.

గురువారం మధ్యాహ్నం కొండ మీది స్టేషనులో దిగాం. తోట ఆడవాళ్లు ఎదురొచ్చారు. దేవదాసన్న ఇంకా సామాను దింపిస్తున్నాడు. దాచమని చెప్పే భాష లేక నేను రెండు బెల్లం డబ్బాలు వాళ్లలో పెద్దామెకు రెండు చేతులా అందించి దండం పెట్టాను. ఆమె కళ్లకు అద్దుకుంది. చేసిన తప్పు నాకప్పుడు తెలియలేదు.

మర్నాడు ఎనిమిదింటికి పెద్ద గంగాళంతో తియ్యటి పొంగలి వచ్చింది. తోటంతా తిన్నది. మేమూ రెండోసారి పెట్టించుకున్నాం.

"మంచిగున్నది బిడ్డా. అచ్చం మన బోధన్ బెల్లం లెక్కనే ఉన్నది," అంది లచ్చవ్వ.

అని నా ముఖం చూసింది. నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

ఆ కట్టడం చూసుకునే మేస్త్రీ కడుపు పట్టుకుని నవ్వాడు. మీ నేల మీ పొట్టలోకే పోయింది, ఇక సిమెంటు పర్మిటు వచ్చేదాకా ఆగుదాం అన్నాడు. దేవదాసన్న ఈ మాట తెలుగులో చెప్తుంటే నాకు సిగ్గు కాదు, రోషమొచ్చింది. పెద్దామెను కూర్చోబెట్టి బెల్లం ఎందుకు తెచ్చామో చెప్పించాను. ఆమె లేచి వెళ్లింది. సాయంత్రానికి ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. కింద సింహళ ఊళ్లో తాటిజాతి జీలుగు చెట్టు తియ్యటి నీరాతో వండే నల్లబెల్లం, కొబ్బరిచిప్ప ఆకారంలో, ఇంటికొకటి చొప్పున కొంగుల్లో కట్టుకొచ్చారు.

ఆ బెల్లంతో సున్నం గట్టిపడుతుందో లేదో మాకెవరికీ తెలియదు. లచ్చవ్వ నీళ్లలో కరిగించి రెండు వేళ్ల మధ్య సాగదీసింది. "తీగ అస్తున్నది. కొడదాం."

పదకొండు రోజులు కొట్టాం. రెండు వరుసల్లో ఎదురెదురుగా కూర్చుని, ఉన్న ఐదు చెక్కలూ చేతులు మార్చుకుంటూ, మేమో చరణం తెలుగులో, వాళ్లో చరణం తమిళంలో. చెక్క దెబ్బ మాత్రం అందరిదీ ఒక్కటే. మేస్త్రీ రోజూ గుమ్మంలో నిలబడి, కుక్క నడిచినా దిగబడుతుంది అనేవాడు. బైబిల్లో యెరూషలేము గోడ కట్టేవాళ్లతోనూ నక్క ఎక్కితే కూలుతుందన్నారు. ఆ గోడ లేచింది. నక్క సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆఖరి రోజు ఆయనే పరీక్ష పెట్టాడు. గడపకు మట్టికట్ట వేసి, పొద్దున ఎనిమిదింటికి పది బిందెల నీళ్లు పోయించాడు. సాయంత్రానికి ఇంకితే పగలగొట్టి సిమెంటు వేస్తానన్నాడు. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. లచ్చవ్వ నా వంతూ తనే తిని, గోడకానుకుని కునికింది.

నాలుగింటికి ఆయన చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాడు. పొద్దున గోడ మీద గీసిన బొగ్గు గీత దగ్గరే నీళ్లున్నాయి. వంగి గోటితో నేల గీకాడు. గోరే అరిగింది. దేవదాసన్న వైపు తిరిగి ఒక మాట చెప్పాడు: ఆ చెక్క ఒకటి మాకు వదిలి వెళ్లండి.

లచ్చవ్వ తనదే ఇచ్చింది.

తిరుగు దారిలో రామేశ్వరం, మద్రాసు, సికింద్రాబాదు దాటి శనివారం పదింటికి నిజామాబాదులో దిగాం. ప్లాట్‌ఫారం మీద సంఘ పెద్ద ఉన్నాడు. చూపు నా సంచి మీద.

"పగిలిందా?"

"మీ పందెం పగిలింది అయ్యా."

ఆయన సంచి మీంచి చూపు తీశాడు. "సరే గని, అచ్చేసారి ఇంకింతమంది మగోళ్లను పంపుదమా?"

"పంపుండ్రి," అంది వెనక నుంచి లచ్చవ్వ. "నీళ్లు మోసుడుకు మనుషులు గావాలె."

బోధన్ బండిలో కిటికీ పక్కన చెరుకు తోటలు కదులుతుంటే నాకు తోచింది ఇది. ఇన్నాళ్లూ మేము పుచ్చుకునే చేతులమనే అందరూ అన్నారు, మేమూ నమ్మాం. ఇక నమ్మను. ఆ కొండ మీద మా దెబ్బలతో బిగిసిన నేల మీద ఈ ఆదివారం మోకరించేవారి కోసం, ఇంకా మట్టి మీదే మోకరిస్తున్నవారి కోసం, చదువరులారా, నాతో కలిసి ప్రార్థించండి. ఆమెన్ అని లేచాక, మీ ఇంటి మూలన ఏ పనిముట్టు ఆనించి ఉందో ఒకసారి చూసుకోండి.