తెల్ల సీట్ల మీద పసుపు బొట్లు

మా అమ్మాయి సొంత సంపాదనతో కారు కొన్నదండోయ్! పొద్దున దాన్ని ఇంటి ముందు ఆపి, తాళం నా చేతిలో పెట్టి స్నానానికి వెళ్లింది. ఆ సంతోషంలో నేను గడపకు పెట్టినట్టే తెల్లటి తోలు సీట్లన్నిటికీ తడి పసుపుతో బొట్లు పెట్టేశాను. తర్వాత మరక పడుతుందని భయమేసి బట్టల సబ్బుతో రుద్దితే, పసుపంతా ఎర్రగా మారింది! ఎంత రుద్దితే అంత ఎరుపు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా ఆవిడ వచ్చి చూసింది. "ఏందయ్యా, కొత్త కార్ల కోడిని కోసినవా?"

"జర మెల్లగ మాట్లాడవే, బిడ్డ ఇంటది!"

సబ్బు పోయేదాకా తడిగుడ్డతో తుడిచి, తలుపులు తెరిచి ఎండకు పెట్టి, తోలు ఎండిపోకుండా కారుతో వచ్చిన క్రీము రాసి, దేవుళ్లందరికీ మొక్కాను. సాయంత్రానికి అన్నీ పోయాయి గానీ డ్రైవర్ సీటు మీద ఒక్క బొట్టు లేత పసుపుగా మిగిలింది. మళ్లీ గుడ్డ తీస్తుంటే అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ నాయినా. నడిపేది నేనే కద."

ఇలాంటి పని మీలో ఇంకెవరైనా చేశారా, చెప్పండి. మిర్యాలగూడలో మా చెల్లెకు, మోతెలో చిన్నాయనకు, పెన్‌పహాడ్ మేనత్తకు అంతా చెప్పండి. కోదాడ బావకు మాత్రం కారు సంగతి ఒక్కటే చెప్పండి, సబ్బు సంగతి వద్దు.